షట్‌డౌన్‌లో సరిహద్దు అధికారులకు జీతం ఎక్కడి నుంచి వచ్చింది?

2025 అక్టోబరు చివర్లో డాలస్ ఎయిర్‌పోర్టులో దిగిన తెలుగు ప్రయాణికుడికి రెండు రకాల యూనిఫాంలు ఎదురై ఉంటాయి. మొదటిది పాస్‌పోర్టు, వేలిముద్రలు చూసి దేశంలోకి వదిలిన సీబీపీ అధికారిది, అంటే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ మనిషిది. రెండోది కనెక్టింగ్ ఫ్లైట్ ఎక్కేముందు బ్యాగును ఎక్స్‌రేలో పెట్టించిన టీఎస్ఏ ఉద్యోగిది, అంటే రవాణా భద్రతా సంస్థ మనిషిది. ఇద్దరూ హోంలాండ్ సెక్యూరిటీ శాఖ వాళ్లే. ఖర్చుల బిల్లులకు ఆమోదం లేక అమెరికా ప్రభుత్వం మూతపడిన రోజులవి. ఆ షట్‌డౌన్ ఉన్నా డ్యూటీకి రావాల్సిందేనని ఇద్దరికీ చెప్పారు. ఇద్దరూ వచ్చారు. మొదటాయన ఖాతాలో జీతం పడింది, రెండో ఆయనకు పడలేదు.

ఎవరి పని ఎక్కువ ముఖ్యం అని చూసి చేసిన తేడా కాదిది. ఎవరి జీతాన్ని ఏ పద్దు కింద చూపించగలిగారు అన్నదాన్ని బట్టి వచ్చిన తేడా. వార్తల్లో వినిపించే ‘అత్యవసర సిబ్బంది’ అన్న మాట ఎవరు పనికి రావాలో మాత్రమే చెబుతుంది. ఎవరికి డబ్బు వస్తుందో తెలుసుకోవాలంటే బడ్జెట్ కాగితాల్లోకి వెళ్లాలి.

అమెరికా ప్రభుత్వం ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా 43 రోజులు మూతపడింది. అంతకుముందు రికార్డు 2018 డిసెంబరు 22 నుంచి 2019 జనవరి 25 వరకు సాగిన 35 రోజులది. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది. అప్పటికి కాంగ్రెస్ ఖర్చుల బిల్లులు ఆమోదించకపోతే ఏడాదికేడాది ఇచ్చే డబ్బు ఆగిపోతుంది. చట్టం చేయకుండా ఖజానా నుంచి డబ్బు తీయకూడదని అక్కడి రాజ్యాంగం మొదటి అధికరణమే చెబుతోంది.

ఇలాంటిది మన దగ్గర జరగదా అని అడిగేవాళ్లకు 2020 జూన్ గుర్తు చేయాలి. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఆమోదించిన ద్రవ్య వినిమయ బిల్లు శాసన మండలిలో నిలిచిపోయింది. రాజధాని బిల్లుల మీద గొడవతో జూన్ 17న మండలి నిరవధికంగా వాయిదా పడింది. అంతకుముందు తెచ్చిన మూడు నెలల ఓటాన్ అకౌంట్, అంటే తాత్కాలిక ఖర్చుల అనుమతి గడువు జూన్ 30తో ముగిసింది. జులై 1న పడాల్సిన ఉద్యోగుల జీతాలు, పింఛన్లు కొన్ని రోజులు ఆలస్యమయ్యాయి. అయితే మన రాజ్యాంగం 198వ అధికరణంలో ఒక తలుపు తెరిచి ఉంచింది. ద్రవ్య బిల్లును మండలి 14 రోజుల్లో తిప్పి పంపకపోతే ఉభయ సభలూ ఆమోదించినట్టే లెక్క. రాజ్యసభకూ అదే 14 రోజుల గడువు. అందుకే అక్కడితో కథ ముగిసింది.

అమెరికాలో ఆ తలుపు లేదు. సెనేట్ వద్దంటే వద్దే. పైగా సెనేట్‌లో మామూలు బిల్లు ముందుకు కదలాలంటే 100 మందిలో 60 మంది మద్దతు కావాలి. 2025లో రిపబ్లికన్ల బలం 53. ఒబామాకేర్ ఆరోగ్య బీమా ప్రీమియంలకు ఇస్తున్న అదనపు సబ్సిడీలను పొడిగిస్తేనే ఓటేస్తామని డెమోక్రాట్లు పట్టుబట్టారు. ప్రతిష్టంభన అలా మొదలైంది.

జీతం లేకుండా పని చేయించుకోవచ్చా?

చేయించుకోవచ్చు. చేయించుకుంటారు కూడా. దీని వెనుక ఉన్నది 1870, 1884ల్లో రూపుదిద్దుకున్న చట్టం. అప్పట్లో ప్రభుత్వ శాఖలు ఏడాదికిచ్చిన డబ్బును కొన్ని నెలల్లోనే ఖర్చు పెట్టేసి, ఇప్పుడేం చేస్తారో చేయండి అని కాంగ్రెస్ ముందు నిలబడేవి. ముందు ఉచితంగా పని చేయించుకుని, తర్వాత ఆ పనికి డబ్బు ఇవ్వక తప్పదని అడిగేవి. దానితో విసిగిన కాంగ్రెస్ రెండు కట్టడులు పెట్టింది: లేని డబ్బుకు హామీ ఇవ్వకూడదు, ఉచిత సేవ తీసుకోకూడదు. రెండోదానికి ఒక మినహాయింపు ఉంది. మనుషుల ప్రాణాలకు, ఆస్తికి ముప్పు ఉన్న అత్యవసర పరిస్థితుల్లో సేవ తీసుకోవచ్చు. ఉల్లంఘిస్తే 5,000 డాలర్ల వరకు జరిమానా, రెండేళ్ల వరకు జైలు.

దాదాపు వందేళ్లు ఈ చట్టాన్ని అంత ఖచ్చితంగా ఎవరూ చదవలేదు. బడ్జెట్ ఆలస్యమైనా, ఎలాగూ ఆమోదిస్తారులే అనుకుని ఆఫీసులు నడిచేవి. 1980లో అటార్నీ జనరల్ బెంజమిన్ సివిలెట్టి, డబ్బు లేకపోతే ఆఫీసు మూసేయాల్సిందేనని అభిప్రాయం ఇచ్చారు. ఆ మే 1న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక్క రోజు మూతపడింది. 1981 జనవరిలో ఆయనే ఇంకో అభిప్రాయం రాసి, ప్రాణం, ఆస్తి మినహాయింపు కిందికి ఏవేవి వస్తాయో వివరించారు. ఇవాళ మనం చూస్తున్న షట్‌డౌన్ రూపం ఆ రెండు న్యాయాభిప్రాయాల నుంచి పుట్టింది.

సరిహద్దు కాపలా, పాస్‌పోర్టు తనిఖీ, విమానాశ్రయ భద్రత ఆ మినహాయింపులో మొదటి వరుసలో ఉంటాయి. ఆ ఉద్యోగులకు సెలవు ఉండదు, జీతం తర్వాత వస్తుంది. ఎప్పుడో తెలియదు. సరే, సమ్మె చేద్దామంటే ఫెడరల్ ఉద్యోగులకు సమ్మె నేరం. 1981లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు సమ్మెకు దిగితే రీగన్ 11 వేల మందికి పైగా ఉద్యోగాల నుంచి తీసేశారు. కోర్టుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. జీతం సమయానికి ఇవ్వకపోవడం కార్మిక చట్టాన్ని ఉల్లంఘించడమేనని వాదించారు. 2013 షట్‌డౌన్ కేసులో కింది కోర్టు వాళ్ల వైపు మొగ్గింది. కానీ 2022లో ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ దారి మూసేసింది. డబ్బు ఇవ్వొద్దని ఒక చట్టమే చెబుతున్నప్పుడు, ఆలస్యంగా ఇచ్చినందుకు ఇంకో చట్టం కింద శిక్ష ఉండదన్నది ఆ తీర్పు సారం.

ఉద్యోగికి మిగిలిన భరోసా ఒక్కటే. 2019 జనవరిలో, 35 రోజుల షట్‌డౌన్ నడుస్తుండగానే, ఒక చట్టం చేశారు. షట్‌డౌన్ ముగియగానే, మామూలు జీతం తేదీ కోసం ఆగకుండా, పనికి వచ్చినవాళ్లకూ ఇంట్లో కూర్చున్నవాళ్లకూ బకాయి చెల్లించాలి. బాగానే ఉంది. కానీ ఇంటి అద్దె అడిగే యజమానికి ఆ చట్టం కాపీ చూపించి లాభం లేదు.

నాలుగు రోజుల లెక్క

అమెరికా ఫెడరల్ ఉద్యోగులకు జీతం రెండు వారాలకోసారి వస్తుంది, అదీ కొంచెం వెనకబడి వస్తుంది. సెప్టెంబరు 21 నుంచి అక్టోబరు 4 వరకు చేసిన పనికి జీతం అక్టోబరు రెండో వారంలో అందుతుంది. ఆ 14 రోజుల్లో సెప్టెంబరు 30 వరకు పాత బడ్జెట్ డబ్బు ఉంది. అక్టోబరులోని నాలుగు రోజులకు లేదు. అందుకే షట్‌డౌన్ మొదలవగానే జీతం ఆగిపోలేదు. ముందు కోత పడిన జీతం వచ్చింది, ఆ తర్వాతి దఫాకు సున్నా వచ్చింది. షట్‌డౌన్ వారంలోపు ముగిస్తే ఉద్యోగికి పెద్దగా తెలియకపోవడానికీ, మూడో వారం దాటగానే టెన్షన్ పెరగడానికీ కారణం ఈ వెనుకబాటే.

అక్టోబరు మధ్యలో హోంలాండ్ సెక్యూరిటీ కార్యదర్శి క్రిస్టీ నోయెమ్ ఒక ప్రకటన చేశారు. సీబీపీ, అక్రమ వలసదారులను పట్టుకునే ఐస్, అధ్యక్షుడికి కాపలా కాసే సీక్రెట్ సర్వీస్, విమానాల్లో మఫ్టీలో ప్రయాణించే ఎయిర్ మార్షల్స్, అందరూ కలిపి 70 వేల మందికి పైగా లా ఎన్‌ఫోర్స్‌మెంట్ అధికారులకు అక్టోబరు 22 కల్లా ‘సూపర్ చెక్’ అందుతుందన్నారు. పోయిన ఆ నాలుగు రోజుల జీతం, ఓవర్‌టైమ్, తర్వాతి దఫా జీతం, అన్నీ ఒకేసారి. ఎక్స్‌రే యంత్రాల దగ్గర నిలబడే దాదాపు 50 వేల మంది టీఎస్ఏ సిబ్బంది ఆ జాబితాలో లేరు.

మూడు డబ్బాల డబ్బు

ఇంట్లో ఖర్చులకిచ్చిన డబ్బు అయిపోయినా అమ్మ పోపుల డబ్బాలోంచి ఇంకో నోటు తీసినట్టు, అమెరికా ప్రభుత్వానికీ వేర్వేరు చోట్ల డబ్బు ఉంటుంది. తేడా ఏమిటంటే, ఏ డబ్బా దేనికన్నది చట్టంలో రాసి ఉంటుంది.

మొదటిది ఏటా కాంగ్రెస్ ఇచ్చేది. షట్‌డౌన్‌లో ఖాళీ అయ్యేది ఇదే.

రెండోది ఫీజుల డబ్బు. మనవాళ్లకు బాగా పరిచయమైన యూఎస్‌సీఐఎస్, అంటే హెచ్1బీ, గ్రీన్‌కార్డు దరఖాస్తులు చూసే సంస్థ, 95 శాతానికి పైగా మనం కట్టే ఫీజులతోనే నడుస్తుంది. అందుకే షట్‌డౌన్‌లో అది మూతపడదు. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూలు ఆగకపోవడానికీ వీసా ఫీజే కారణం. విమానంలో అమెరికా వెళ్లే ప్రతి ప్రయాణికుడి టికెట్‌లో ఇమిగ్రేషన్ తనిఖీ ఫీజు 7 డాలర్లు కలిపే ఉంటుంది. సీబీపీ ఎయిర్‌పోర్టు పనిలో కొంత భాగం అలాంటి ఫీజుల మీదే నడుస్తుంది. టీఎస్ఏకూ ప్రయాణికులు కడుతున్నారు, ఒక వైపు ప్రయాణానికి 5.60 డాలర్ల భద్రతా ఫీజు. కానీ ఆ ఫీజును నేరుగా జీతాలకు వాడుకునే అధికారం లేదు. కాంగ్రెస్ ఏటా ఆమోదించాలి, అందులో కొంత బడ్జెట్ లోటు తగ్గించడానికి పోతుంది. అంటే తనిఖీ కోసం ప్రయాణికుడు డబ్బు కట్టాడు, తనిఖీ చేసిన మనిషికి జీతం అందలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే అన్యాయంగా కనిపించేది ఇదే.

ఫీజుల డబ్బా కూడా ఎప్పుడూ నిండుగా ఉంటుందని కాదు. 2020లో కరోనాతో దరఖాస్తులు పడిపోయి, కాంగ్రెస్‌తో గొడవేమీ లేకుండానే యూఎస్‌సీఐఎస్ తన ఉద్యోగుల్లో 13 వేల మందికి పైగా జీతం లేని సెలవు నోటీసులు ఇచ్చింది. ఆగస్టు చివర్లో దాన్ని విరమించుకుంది.

మూడోది కొన్నేళ్ల పాటు వాడుకోగలిగేలా ఒకేసారి ఇచ్చే డబ్బు. సూపర్ చెక్ వచ్చింది ఇందులోంచే. 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన ‘వన్ బిగ్ బ్యూటిఫుల్ బిల్’ వలస నియంత్రణకు దాదాపు 170 బిలియన్ డాలర్లు కేటాయించింది. సరిహద్దు గోడకు 46.5 బిలియన్లు, నిర్బంధ కేంద్రాలకు 45 బిలియన్లు, ఐస్ కార్యకలాపాలకు దాదాపు 30 బిలియన్లు. గడువు 2029 సెప్టెంబరు 30. ఈ బిల్లుకు సెనేట్‌లో 60 ఓట్లు అక్కర్లేకపోయింది. రికన్సిలియేషన్ అనే బడ్జెట్ పద్ధతిలో మామూలు మెజారిటీ చాలు. 50-50తో ఆగితే ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో గట్టెక్కింది.

ఇక్కడ 2019ని పక్కన పెట్టి చూడాలి. అప్పటి షట్‌డౌన్ గొడవే సరిహద్దు గోడ కోసం. ట్రంప్ అడిగింది 5.7 బిలియన్ డాలర్లు. గోడ ఎక్కడ కట్టాలో ఆ సరిహద్దును కాస్తున్న బోర్డర్ పెట్రోల్ వాళ్లే 35 రోజులు జీతం లేకుండా పని చేశారు. ఆరేళ్ల తర్వాత దానికి ఎనిమిది రెట్లు గోడకు వచ్చింది, జీతాలకూ దారి దొరికింది. ఏటా జరిగే బేరం బయట డబ్బు సంపాదించుకుంటే షట్‌డౌన్ ఎవరిని తాకాలో కూడా ఎంచుకోవచ్చని ఈ మధ్యలో ఒక పార్టీ నేర్చుకుంది.

అలా వాడొచ్చా?

ఇది తేలిక ప్రశ్న కాదు. కేటాయించిన పనికే డబ్బు వాడాలన్నది అమెరికా ఖజానా చట్టాల్లో మూల సూత్రం. ఆ బిల్లులో సీబీపీకి ఇచ్చిన 4.1 బిలియన్ డాలర్లు అదనపు సిబ్బందిని తీసుకుని శిక్షణ ఇవ్వడానికి. మరో రెండు బిలియన్లు ఉద్యోగులను నిలుపుకోవడానికి, కొత్తవాళ్లను ఆకర్షించడానికి ఇచ్చే బోనస్‌లకు. పదేళ్లుగా ఉద్యోగంలో ఉన్న అధికారి మామూలు జీతాన్ని ఈ మాటల కింద ఇమడ్చాలంటే కొంచెం సాగదీయాలి. అయితే అదే బిల్లులో ఇంకో 10 బిలియన్లు ఉన్నాయి. సరిహద్దులను కాపాడే శాఖ లక్ష్యానికి తోడ్పడే పనులకైన ఖర్చు భర్తీకి అని విశాలంగా రాశారు. అలాంటి వాక్యంలో దాదాపు ఏదైనా పడుతుంది. ఆ వాక్యం రాసినవాళ్లకు ఆ సంగతి తెలియదని నేననుకోను.

సైనికుల విషయంలో సాగదీత ఇంకా ఎక్కువైంది. అక్టోబరు 15 జీతాలకు రక్షణ శాఖలో ఖర్చు కాని దాదాపు 8 బిలియన్ డాలర్ల పరిశోధన నిధులు గుర్తించామన్నారు. ఒక మిత్రుడు 130 మిలియన్ డాలర్ల విరాళం ఇచ్చారని ట్రంప్ ప్రకటించారు. దాదాపు 13 లక్షల మంది సైనికులున్న సైన్యానికి అది తలా వంద డాలర్లు. దేశ సైన్యానికి ఒక ప్రైవేటు మనిషి చేతి నుంచి జీతం వెళ్లడం ఎంత విడ్డూరమో ఆ హడావుడిలో చాలామంది పట్టించుకోలేదు.

అధికారుల కోణం నుంచి చూస్తే ఇదంతా వాదన కోసం వాదన. పిల్లల ఫీజులు కట్టాల్సిన మనిషికి డబ్బు ఏ సెక్షన్ కింద వచ్చిందన్న పట్టింపు ఉండదు, ఉండక్కర్లేదు కూడా. జీతం ఇచ్చినందుకు ఎవరినీ తప్పు పట్టలేం. తప్పు పట్టాల్సింది ఎంపికను. ఏటా ఖర్చుకు అనుమతి తీసుకోవాలన్న నియమం పెట్టిందే, ప్రభుత్వం ఎవరికి డబ్బిస్తుందో కాంగ్రెస్ చేతిలో ఉండాలని. షట్‌డౌన్ మధ్యలో అధ్యక్షుడు తనకు ముఖ్యమనిపించిన దళాలకు జీతం వెతికి ఇవ్వగలిగితే, తనకు పట్టని ఆఫీసులను ఎన్నాళ్లయినా ఆకలితో ఉంచగలడు.

ఆగిన చోట, ఆగని చోట

మనవాళ్లకు దెబ్బ తగిలింది సరిహద్దు దగ్గర కాదు. అబుదాబిలోనే అమెరికా ఇమిగ్రేషన్ ముగించే సీబీపీ అధికారులది కూడా తప్పనిసరి డ్యూటీయే. హైదరాబాద్ నుంచి ఆ దారిన వెళ్లేవాళ్లకు అది తెలిసిన చోటే. దెబ్బ తగిలింది కార్మిక శాఖ దగ్గర. హెచ్1బీ పిటిషన్ వేయాలంటే ముందు కార్మిక శాఖ నుంచి ఎల్‌సీఏకు, అంటే జీతం, పని షరతుల మీద కంపెనీ ఇచ్చే హామీ పత్రానికి, ఆమోదం రావాలి. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుకు చాలావరకు పెర్మ్, అంటే ఆ పనికి అమెరికన్లు దొరకలేదన్న ధ్రువీకరణ, కావాలి. ఆ విభాగం ఏటా ఇచ్చే డబ్బు మీద నడుస్తుంది, ప్రాణాలకు ముప్పు లాంటిదేమీ అక్కడ లేదు. అక్టోబరు 1న ఆ వెబ్‌సైటే ఆగిపోయింది, నెలాఖరుకు గానీ తెరుచుకోలేదు. యూఎస్‌సీఐఎస్ కిటికీ తెరిచే ఉంది, కానీ అక్కడ ఇవ్వాల్సిన కాగితం ఇచ్చే ఆఫీసు మూతపడింది. ఉద్యోగం మారదామనుకున్నవాళ్లు, లేఆఫ్ తర్వాత కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఉన్న 60 రోజుల గడువు లెక్కపెట్టుకుంటున్నవాళ్లు ఆ నెలను ఎలా గడిపారో డాలస్, న్యూజెర్సీ వాట్సాప్ గ్రూపులు చూసినవాళ్లకు తెలుసు. వలస నియంత్రణ ఆగలేదు. చట్టబద్ధ వలసకు తొలి మెట్టు ఆగింది.

షట్‌డౌన్‌ను ముగించే ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుందో 2019లో తేలింది. జనవరి 25న కంట్రోలర్లు చాలక న్యూయార్క్ లాగార్డియాకు విమానాలు కాసేపు ఆపారు. ఆ రోజే రాజీ కుదిరింది. 2025లోనూ నవంబరు 7 నుంచి 40 పెద్ద ఎయిర్‌పోర్టుల్లో విమానాలకు కోత పెట్టారు, జీతం లేని కంట్రోలర్లు తగ్గిపోయారని. ఐదు రోజుల తర్వాత సంతకం అయింది. కోత ఒక్కటే కారణమని చెప్పలేం కానీ, జీతం అందినవాళ్ల వైపు నుంచి వచ్చిన ఒత్తిడి మాత్రం శూన్యం. అప్పటి 43 రోజుల రికార్డుకు ఆ సూపర్ చెక్కులు కూడా కొంత కారణమని నా అంచనా.

ఈ చిక్కును చట్టంతోనే తీర్చాలని సెనేట్‌లో ప్రయత్నం జరిగింది. పనికి వస్తున్న ప్రతి ఉద్యోగికీ షట్‌డౌన్‌లోనూ జీతం ఇవ్వాలని రిపబ్లికన్ సెనేటర్ రాన్ జాన్సన్ బిల్లు తెచ్చారు. అక్టోబరు 23న 54-45 వచ్చింది. 60 కావాలి కాబట్టి ఆగిపోయింది. ఎవరు పనికి రావాలో నిర్ణయించేది ప్రభుత్వమే అయినప్పుడు, ఎవరికి జీతం అన్నది కూడా దాని చేతికే ఇచ్చినట్టవుతుందన్నది డెమోక్రాట్ల అభ్యంతరం. ఇంటికి పంపినవాళ్లకూ కలిపి ఇవ్వాలని వాళ్లు ఇంకో బిల్లు పెట్టారు, అదీ ముందుకు పోలేదు. నవంబరు 12న ట్రంప్ సంతకం చేసిన బిల్లు బకాయిలన్నీ చెల్లించమంది, హోంలాండ్ సెక్యూరిటీకి 2026 జనవరి 30 దాకా మాత్రమే డబ్బిచ్చింది. టీఎస్ఏ జీతం అప్పటికీ మొదటి డబ్బాలోనే ఉండిపోయింది.